కళ్లు తెరవని అమ్మవారు

కుంభకోణం కోర్టులో కొన్నయూరు గుడి అర్చకుడు ఆబత్సహాయం గురుక్కళ్ చెప్పవలసింది ఒక్క మాటే. "ఇన్నాళ్లూ మా గుళ్లో పూజలందుకున్న ఉత్సవ విగ్రహం మా అమ్మవారు కాదు." అంతే. ఆ మాట చెబితే, విదేశం నుంచి పోలీసులు పట్టి తెచ్చిన అసలు తేన్మొళి అమ్మ కొన్నయూరు గుడికి చేరుతుంది. చెప్పలేకపోతే, దాన్ని అమ్ముకున్న వ్యాపారి తరఫు వకీలు వాదిస్తున్నట్టు గుళ్లో ఉన్నదే అసలైనదని తేలుతుంది, అసలమ్మ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఊరు ఊరంతా ఆయన నోటి వైపు చూస్తోంది. ఆయనకేమో ఆ మాట గొంతులోంచి పెగలడం లేదు.

ముసలితనం వల్ల వచ్చిన తడబాటు అనుకునేరు. గురుక్కళ్ నోరు అలాంటిది కాదు. గుడిలో అరటితొక్క పడేసిన కుర్రాణ్ణి "ఒరేయ్, అది తియ్యకపోతే నీ తొక్క తీస్తా" అనేవాడు. అర్చన జరుగుతుండగా సెల్లు మోగితే, ఆ సెల్లు గల మనిషి పేరూ నక్షత్రమూ అడిగి, "ఈయన చెవులు పోవాలని సంకల్పం" అని పైకే చెప్పేవాడు. జనం నవ్వేవాళ్లు, భయపడేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు. తండ్రి, తాత, ముత్తాత అదే గుళ్లో అదే హారతి పట్టారు. ఈయన వేరే బతుకు కోరుకోలేదు, వేరే బతుకు ఉంటుందని కూడా అనుకోలేదు.

సెలవుల్లో గుడికి వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టుకుని శనగ గుగ్గిళ్లు పంచుతూ ఒక సంగతి మాత్రం ప్రతి ఏడూ చెప్పేవాడు.

"శిల్పి పోతపోసినంత మాత్రాన అమ్మ అయిపోదురా. పోతపోశాక అది ఉట్టి లోహం. మీ ఇంట్లో చెంబూ అదీ ఒకటే. హోమాలు చేసి, చివర్న బంగారు సూదితో కళ్లు తెరిపించాలి. తెరిపించగానే మనం ఎదురుగా నిలబడకూడదు. ముందు అద్దం చూపించాలి, తర్వాత ఆవునీ దూడనీ చూపించాలి. ఎందుకో తెలుసా? ఆ మొదటి చూపు మన బోటివాళ్లం తట్టుకోలేం."

"తెరిపించకపోతే ఏమవుతుంది తాతా?" అని ఎవరో ఒక పిల్ల అడిగేది.

"ఏమవుతుంది? నువ్వు గంటసేపు గోడకి కష్టసుఖాలు చెప్పుకున్నట్టవుతుంది."

రాతి అమ్మ ఉండగా ఈ పంచలోహపు అమ్మ ఎందుకని అడిగితే దానికీ జవాబుండేది. "లోపలున్న రాతి అమ్మ మహారాణి. మనమే వెళ్లి దర్శనం చేసుకోవాలి. ఈవిడ కన్నతల్లి. మంచం దిగలేనివాళ్లున్నారు, పురిటి బాలింతలున్నారు, గుడి మెట్టెక్కడానికి జంకేవాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి తనే పల్లకి ఎక్కి వస్తుంది."

ఆయన భార్య మరకతం ఇవన్నీ విని మూతి తిప్పేది. "నా పెళ్లయినప్పటి నుంచీ ఆవిడకి కట్టిన చీరల్లో సగం నాకు కొని ఉంటే ఈ పాటికి బీరువా నిండేది" అనేది. "ఆవిడ నీలా చీరకి వంకలు పెట్టదు మరి" అని గురుక్కళ్. ఆ ఇంట్లో సరసమంటే అదే.

పుష్కరం కిందట, ఆడినెలలో, అంటే ఆషాఢంలో, జరిగే ఆడిపూరం ఉత్సవానికి ముందు, ఉత్సవ విగ్రహానికి మెరుగు పెట్టించాలని ధర్మకర్తలు తీర్మానించారు. పట్నం నుంచి ఎవరో పనివాళ్లొచ్చి, గుడి వెనక కొట్టంలో తడికలు కట్టుకుని కొన్నాళ్లు పనిచేశారు. విగ్రహం బయటికొచ్చేసరికి పసుపుపచ్చగా ధగధగలాడింది. ఇంతకాలం నూనె, చందనం, పాలు పట్టి నల్లబడ్డ ముఖం కొత్తగా కనిపించింది. కొత్తగా కనిపించాలనే కదా మెరుగు పెట్టించింది! ఎవరూ అనుమానపడలేదు. గురుక్కళ్ పుణ్యాహం చల్లి, దిష్టి తీసి, చీర కట్టాడు.

ఒక గుర్తు ఉంది నిజానికి. పన్నెండేళ్ల వయసులో మొదటిసారి అభిషేకానికి చెయ్యి వేసినప్పుడు, ఆయన చేతిలోంచి రాగి చెంబు జారి అమ్మవారి ఎడమ బొటనవేలి మీద పడింది. చిన్న సొట్ట పడింది. తండ్రి కొట్టిన చెంపదెబ్బకి చెవి గింగుర్లెత్తింది. ఆ రోజు నుంచీ ఆ వేలు చూడాలంటే సిగ్గు. అలంకారం మొదలుపెట్టగానే ముందు ఆ పాదాన్నే పూలతో కప్పేసేవాడు. కొత్త విగ్రహం వేలికి సొట్ట లేదు. కానీ ఆ వేలి వంక చూసేదెవరు?

ఇంకో గుర్తు భుజాలకి తెలిసింది. పల్లకి మోసేవాళ్లలో పెద్దవాడు వైరక్కణ్ణు. వాడి కుడి భుజం మీద మోసి మోసి కాయ కట్టిన ముద్ద నిమ్మకాయంత ఉంటుంది. ఆ ఉత్సవంలో మొదటి మలుపు తిరగగానే, "సామీ, అమ్మ తేలికైపోయింది" అన్నాడు.

"ఏం రా, సరిగ్గా అన్నం పెట్టట్లేదని దెప్పుతున్నావా?"

"కాదు సామీ. నిజంగానే. భుజానికి తెలుస్తోంది."

గురుక్కళ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముసలాడివయ్యావని జాలిపడిందిరా. నీ కోసం బరువు తగ్గించుకుంది. దండం పెట్టు" అన్నాడు. మోసేవాళ్లందరూ పల్లకి కిందనుంచే నమస్కరించారు. ఆ కబురు ఊరంతా పాకి, ఆ ఏడు అమ్మవారికి చీరలు రెట్టింపు వచ్చాయి. లోకంలో ఇంకెవరైనా, బరువు తగ్గిందంటే తూకం వేసి చూసి ఉండేవాళ్లు. కొన్నయూరు దాన్ని దయ అనుకుంది.

తర్వాత కొన్నేళ్లకు మరకతానికి కడుపులో గడ్డ తేలింది. తంజావూరు ఆస్పత్రిలో కోయాలన్నారు, తర్వాత ఇంకేవో మందులెక్కించాలన్నారు, తారీఖు ఇచ్చారు. ఈలోగానే మంచం పట్టింది. గుడి ఆ వీధి చివరే అయినా నడవలేకపోయింది. అది ఆడినెల. పల్లకి ఊరేగింపు వస్తోంది. అర్చకుడి ఇంటిముందు పల్లకి ఆగే ఆనవాయితీ ఆ ఊళ్లో లేదు. రోజూ తాకేవాళ్లకి మళ్లీ దర్శనమేమిటని పెద్దలు అలా పెట్టారు. కానీ ఆ రోజు గుమ్మం ముందుకొచ్చేసరికి వైరక్కణ్ణు టక్కున ఆగిపోయాడు.

"కదలవేం రా?"

"కాలు కదలట్లేదు సామీ. అమ్మ ఆగమంటోంది" అన్నాడు వాడు, ముఖం అటు తిప్పుకుని.

వాడు నాటకమాడుతున్నాడని గురుక్కళ్‌కి తెలుసు. నోటికొచ్చిన తిట్టు నోట్లోనే ఆగిపోయింది. పొరుగు ఆడవాళ్లు మరకతాన్ని పట్టుకుని గడపలో కూర్చోబెట్టారు. ఆమె కళ్లు అప్పటికే మసకలు కమ్మాయి. దీపాల వెలుగు తప్ప ఏమీ ఆనడం లేదు.

"అమ్మా, ఈ నొప్పి నా వల్ల కావట్లేదు. నువ్వే పట్టుకో. ఒక్కసారి నడిచి నీ గుడికి రానియ్యి" అంది. తర్వాత భర్త చెయ్యి తడుముకుని, "ఏవండీ, నాకు కనబడట్లేదు. చూసిందా నన్ను?" అని అడిగింది.

"చూసిందే. నిన్నే చూస్తోంది. రెప్ప కూడా వెయ్యట్లేదు."

"ఒట్టు?"

"ఆవిడ ముందు అబద్ధం చెబుతానా?"

"అయితే సరే" అంది మరకతం. ఆ తర్వాత తంజావూరు వెళ్లనంది. చూసింది కదా, ఇంక నన్నెవరూ కోయక్కర్లేదు, ఇక్కడే ఉండి నయమయ్యాక గుడికి నడుస్తానంది. గురుక్కళ్ గట్టిగా పట్టుబట్టలేదు. పట్టుబట్టకపోవడానికి కారణం ఒకటే. ఆయన కూడా నమ్మాడు. ఆసుపత్రి వాళ్లిచ్చిన తారీఖు వచ్చి వెళ్లిపోయింది. నొప్పి మాత్రం వెళ్లలేదు. వీధి చివరిదాకా కేకలు వినబడేవి. కేకల మధ్య కాస్త తెరిపి దొరికినప్పుడు ఆమే భర్తను ఓదార్చేది. "చూసింది కదండీ. ఆవిడకి ఎన్ని పనులో. టైం పడుతుంది" అనేది. ఆడినెల దాటకుండానే ఆమె పోయింది.

అయినా గురుక్కళ్ బతికాడు. ఎలా బతికాడంటే, అమ్మ చూసింది, విన్నది, వద్దనుకుంది అని చెప్పుకుని. కన్నతల్లి వద్దంటే అందులో ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం మనకి తెలియక్కర్లేదు. మర్నాడు స్నానం చేసి, అదే విగ్రహానికి పాలు పోసి, అదే పాదాన్ని ముందుగా పూలతో కప్పాడు.

కిందటేడు పోలీసులొచ్చారు. కూడా ఒక సైన్సు చదివిన అమ్మాయి వచ్చి విగ్రహం పీఠం కింద గీకి చూసి, "ఇది ఇత్తడి, లోపల బోలు. ఈమధ్య పోసింది" అంది. మెరుగు పెట్టడానికి వచ్చినవాళ్లు కొట్టంలోనే మార్చేశారట. అసలుది ఎన్నో చేతులు మారి ఎక్కడో చలిదేశంలో ప్రదర్శనశాలకు చేరిందట. ధర్మకర్త కలియపెరుమాళ్ తల పట్టుకున్నాడు. గురుక్కళ్ గర్భగుడి ముందు మెట్టు మీద కూర్చుని, మధ్యాహ్నం నైవేద్యం వేళ దాటిపోయినా లేవలేదు. ఆయన జీవితంలో అమ్మ ఆకలితో ఉండడం అదే మొదటిసారి. లోపలి రాతి అమ్మ, పాపం, ఈ గొడవలో పస్తు ఉంది.

అందరికీ దొంగతనం ఒక్కటే కనిపించింది. ఆయనకి మరకతం కనిపించింది. ఆ గడపలో చేతులు జోడించుకుని, కళ్లు తెరిపించని ఇత్తడి బొమ్మకి నొప్పి అప్పజెప్పిన మరకతం. ఎవరూ చూడలేదు. ఎవరూ వినలేదు. వద్దనడానికైనా అక్కడ ఎవరూ లేరు.

ఆగమ పాఠశాల పెద్ద కంఠేశ్వర శివాచార్యులు కబురు తెలిసి పరామర్శకొచ్చాడు. "ఎందుకయ్యా కుమిలిపోతావు? భక్తి ఉన్నచోట ఆవిడే వచ్చి కూర్చుంటుంది. ఇత్తడైతేనేం, మట్టైతేనేం?" అన్నాడు.

"అయితే సూదెందుకు స్వామీ?" అన్నాడు గురుక్కళ్.

"ఏం సూది?"

"బంగారు సూది. హోమాలెందుకు, కలశాలెందుకు, నేనెందుకు, మీ పాఠశాలెందుకు? భక్తి చాలితే ఊరికో చెంబు పెట్టి మొక్కుకోమంటే సరిపోయేదిగా. చాలదనే కదా మా తాతా మీ తాతా ఇన్ని తంటాలు పడ్డది? చాలితే మనం అబద్ధం. చాలకపోతే మా ఇంటిది గోడకి చెప్పుకుని పోయింది. రెంటిలో ఏది ఒప్పుకోమంటారు?"

శివాచార్యులు పెద్దవాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అసలమ్మను గుర్తుపట్టడానికి గురుక్కళ్‌ని తీసుకెళ్లింది మాత్రం ఈ ఏడు వైశాఖంలో. ప్రభుత్వం విగ్రహాలు దాచేచోట, ఇనుప అరల్లో, మెడలో నంబరు బిళ్లలతో దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. నటరాజులు, సోమాస్కందులు, ఏ ఊరివాళ్లో తెలియని అమ్మలు. ఒంటిమీద గుడ్డపేలిక లేదు. గురుక్కళ్ ఉత్తరీయంతో ముఖం కప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి సామీ, తొందరేం లేదు" అన్నాడు.

నిదానం అవసరం లేకపోయింది. చూడగానే తెలిసింది. అయినా బొటనవేలితో ఆ పాదం తడిమాడు. సొట్ట తగిలింది. అరవై ఏళ్ల సిగ్గు ఒక్కసారిగా ఏడుపై పొంగింది. పోయిన కూతురు దొరికినంత ప్రేమ పుట్టింది, వెనకే అంత కోపమూ పుట్టింది.

"అక్కడ ఎక్కడ పెట్టారు ఈవిణ్ణి?" అని అడిగాడు.

"పెద్ద హాల్లో సామీ. గాజుపెట్టె, పైన లైటు. బాగానే చూసుకున్నారులెండి."

"ఎవరొచ్చేవాళ్లు?"

"ఎవరేమిటి? టికెట్టు కొన్నవాళ్లు."

గురుక్కళ్ ఆ కళ్లలోకి చూశాడు. సూదితో తెరిపించిన కళ్లు, ఎవరో తాతల తాతల నాటి అర్చకుడు తెరిపించినవి. మరకతం అడుగుతున్న పూట ఇవి లైటు కింద తెరుచుకుని ఎవరినో చూస్తున్నాయి. "టికెట్టు లేకనా దాన్ని చూడలేదు?" అన్నాడు విగ్రహంతో. ఇన్‌స్పెక్టరు దగ్గి, అటు తిరిగాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు కోర్టులో ఆ ఒక్క మాట చెప్పాలి. గుళ్లో ఉన్నది అమ్మ కాదని ప్రమాణం చేసి చెప్పాలి. గడపలో ఆగినది ఎవరూ కాదని, అడిగిన మాట ఎక్కడికీ చేరలేదని, ఊరందరి ముందూ తన నోటితోనే ఒప్పుకోవాలి. శివాచార్యుల ఓదార్పు పట్టుకుని వేలాడదామంటే, ఇత్తడిలోనూ అమ్మే ఉందంటే, వకీలుకి కావలసింది సరిగ్గా అదే. బతికున్న అమ్మను ఇంటికి తెచ్చుకోవాలంటే చచ్చిపోయిన భార్యను ఇంకోసారి పోగొట్టుకోవాలి.

కోర్టు హాల్లో వెనక బల్లల మీద కొన్నయూరు కూర్చుంది. కలియపెరుమాళ్ కొత్త పంచె కట్టుకొచ్చాడు. వైరక్కణ్ణు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు విగ్రహాలూ బల్లమీద పక్కపక్కన ఉన్నాయి. వ్యాపారి వకీలు మర్యాదస్తుడే. గొంతు పెంచకుండా అడిగాడు.

"పెద్దాయనా, ఈ విగ్రహానికి రోజూ అభిషేకం చేశారు కదా?"

"చేశాను."

"పన్నెండేళ్లు. చేత్తో తాకి, పసుపు రాసి, చీర కట్టి."

"అవును."

"ఊరేగింపులో జనానికి ఏం చెప్పేవారు? అమ్మ మిమ్మల్నే చూస్తోంది అనేవారని విన్నాను. నిజమేనా?"

"నిజమే."

"ఎవరెవరితో అన్నారు?"

"చాలామందితో. మంచంలో ఉన్నవాళ్లతో. ఈ వైరక్కణ్ణు తల్లితో. మా ఇంటిదానితో."

"అమ్మ కాని బొమ్మ ఎలా చూస్తుంది పెద్దాయనా? చూస్తోందని అప్పుడు చెప్పిన మాట అబద్ధమా, లేక అమ్మ కాదని ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా? ఏదో ఒకటి కదా."

జడ్జిగారు కళ్లజోడు తీసి చూశారు. కలియపెరుమాళ్ పెదాలు కదులుతున్నాయి, చెప్పవయ్యా చెప్పవయ్యా అని. గురుక్కళ్ ఆ ఇత్తడి ముఖాన్ని చూశాడు. మెరుగు తగ్గి, తన చేతి నూనెకి, తన చేతి చందనానికి అది కూడా నల్లబడింది. ముక్కు కొస కాస్త అరిగింది కూడా. దాన్ని అరగదీసింది తనే.

"అప్పుడు చెప్పినదే" అన్నాడు.

"గట్టిగా చెప్పండి."

"అప్పుడు చెప్పినదే అబద్ధం. అది అమ్మ కాదు. చూడలేదు. ఎవరినీ చూడలేదు."

వెనక బల్లల్లో ఎవరో ముసలామె ముక్కు చీదింది. వైరక్కణ్ణు గోడ వదిలి బయటికెళ్లిపోయాడు.

అసలమ్మే గెలిచింది. కలియపెరుమాళ్ లడ్డూల పెట్టె తెరిచి కోర్టు మెట్ల మీదే పంచాడు. ఆడిపూరానికి అమ్మను ఊరికి పంపడానికి, కాపలా పోలీసులతో సహా, ఉత్తర్వు వచ్చింది. ఇత్తడి విగ్రహాన్ని ఒక కానిస్టేబులు మెడ దగ్గర పట్టుకుని గోనెసంచిలోకి దించాడు. గురుక్కళ్ "మెల్లగా" అని అనబోయి ఊరుకున్నాడు. అనే హక్కు ఇందాకే పోయింది.

ఆ సాయంత్రం వైరక్కణ్ణు ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా అమ్మ నాలుగేళ్లు మంచంలో ఉంది సామీ. ప్రతి ఆడినెలా పల్లకి ఆపితే మీరు అదే మాట చెప్పారు. ఆ ఒక్క మాట మీద ఏడాదంతా నెట్టుకొచ్చేది. ఇవాళ అంతమందిలో అబద్ధమనేశారు."

"ఏం చెయ్యమంటావురా?"

"నాకేం తెలుసు? నేను మోసేవాణ్ణి" అని వెళ్లిపోయాడు.

ఆడిపూరం వచ్చింది. అసలమ్మ పల్లకి ఎక్కింది. మొదటి మలుపులోనే మోసేవాళ్ల మెడనరాలు ఉబ్బాయి. బరువు తెలుస్తోంది, పాత బరువు. ఊరు ఊరంతా కేరింతలు కొట్టింది. టపాకాయలు పేల్చారు. గురుక్కళ్ హారతి పట్టుకుని పల్లకి పక్కన నడిచాడు. మంత్రాలు తప్పలేదు.

నేతగాళ్ల వీధి మధ్యలో ఒక ఇంటి అరుగు మీద మంచం వేసి ఉంది. అందులో కన్నమ్మాళ్ అనే ముసలామె, నడుం విరిగి పడుకుని ఉంది. పల్లకి ఆగింది. ఆమె లేవలేక, తల కూడా తిప్పలేక, చేతులు మాత్రం పైకెత్తి జోడించింది.

"సామీ, నా మెడ అటు తిరగట్లేదు. అమ్మ నన్ను చూసిందా?"

ఈసారి అమ్మ కళ్లు నిజంగానే తెరిచి ఉన్నాయి. తిన్నగా ఆ మంచం వైపే ఉన్నాయి. గురుక్కళ్‌కి ఆ సంగతి తెలుసు. చెప్పవలసిందల్లా ఒక్క మాట, ఎన్నో వందలసార్లు చెప్పిన మాట. పెదాలు విడ్డాయి. మాట రాలేదు. కర్పూరం చేతిలోనే కరిగి ఆరిపోయింది. మోసేవాళ్లు బరువుకి ఆయాసపడుతున్నారు. వైరక్కణ్ణు కాసేపు ఆయన ముఖంలోకి చూసి, ఇంక రాదని తెలిసి, భుజం సర్దుకుని అడుగు ముందుకు వేశాడు. పల్లకి కదిలింది. మేళం మళ్లీ అందుకుంది. వెనక మంచంలోంచి కన్నమ్మాళ్ ఇంకా అడుగుతూనే ఉంది.